నిస్కాలా సీసకాఠిన్య విజయము

మూసలో మసలుతూ, గరిటెలో మెరుస్తూ, అచ్చులోకి దూరి బుద్ధిగా కూర్చున్నట్టే కూర్చుని తెల్లారేసరికి మొండికేసే తల్లీ, సీసమా! ముందుగా నీకొక దండం. నువ్వు మరీ మెత్తబడితే తుపాకి గొట్టానికి పూత, మరీ గట్టిపడితే వేటగాడి గుండెకు కోత. ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి దారిలో నిన్ను నడిపించబోయి, ఇల్లాలితోనూ బావమరిదితోనూ పాలడబ్బాలతోనూ ఘోరసంగ్రామం చేసిన ఒక మహాపురుషుడి చరిత్ర చెప్పబోతున్నాను. నా నాలుక మీద నునుపుగా జారు, గొంతులో మాత్రం గడ్డకట్టకు.

అది హిమపాతధవళిత దేవదారు కాననాంతరాళములలో మగదుప్పులు చెట్ల మొదళ్లకు కొమ్ములు రాచుకొను కాలము. సుపీరియర్ మహాసరోవర దక్షిణతీరమందు, మిషిగన్ రాష్ట్రానికి నెత్తిన కూర్చున్న ఎగువ ద్వీపకల్పమందు, మగవాళ్లందరూ గడ్డాలు గీసుకోవడం మానేసి, నారింజరంగు కోట్లు దండేల మీద గాలికి ఆరేసి, పెళ్లిరోజులు మరిచినా నవంబరు పదిహేను మాత్రం మరవని పుణ్యకాలము. ఆ వేటపండుగ నాడు బళ్లకు సెలవనీ, వీలైతే చావులు కూడా వాయిదా వేసుకోమనీ మా పాస్టరుగారే ప్రకటించే ఆ మహాపర్వదినానికి ఇంక వారం ఉందనగా, రోడ్ల శాఖవారి మంచు తోసే బండి నడిపి నడిపి ఎన్నో శీతాకాలాలను రోడ్డు పక్కకు నెట్టిపారేసిన హిమరాశిభంజనుడు, తండ్రి తుపాకికీ తండ్రి అచ్చుకూ ఏకైక వారసుడు, కాఫీపాన ధురంధరుడు, ప్రలంబ శ్మశ్రుశోభితుడు ఆర్విడ్ నిస్కాలా తన కారుకొట్టంలో పొయ్యి మీద మూస ఎక్కించి, చేతులకు తోలు తొడుగులూ కళ్లకు అద్దాలూ ధరించి, పొగ బయటికి పోవడానికి తలుపు బార్లా తెరిచి, సీసం కరిగే శుభఘడియ కోసం చలిలో నిలుచున్నాడు.

ముక్కు కారుతోంది. తుడుచుకోవడానికి తువ్వాలు లేదు. ఆ ఇంట్లో తువ్వాళ్లు అతడికి పోయినేడాది నుంచి నిషిద్ధం. ఆ కథ దాని వేళకు అదే వస్తుంది.

అసలు తూటాలు దుకాణంలో దొరకవా అని మీరు అడగవచ్చు. దొరుకుతాయి. మా ఊళ్లో ఆ మాట ఆర్విడ్ ముందు ఎవరూ అనరు. నిస్కాలా వంశంలో తూటా కొనుక్కున్నవాడు లేడు. తండ్రి అచ్చులో తండ్రి పోసిన పద్ధతిలో పోసిన తూటాతోనే ఆర్విడ్ మీసం రాకముందు నుంచీ ప్రతి పండుగకూ అడవికి వెళ్లాడు, ఒక్క ఏడాది తప్పలేదు. కానీ పోయినేడాది జరిగింది వేరు. అతడు కొట్టిన మగదుప్పికి తూటా తగలాల్సిన చోటే తగిలింది. తగిలి, విచ్చుకోకుండా, లోపల ఏ పనీ చెయ్యకుండా, ఈ పక్కనుంచి ఆ పక్కకు సన్నని బెజ్జం చేసుకుని వెళ్లిపోయింది. దుప్పి బురదచిత్తడిలోకి పరుగెత్తింది. చీకటి పడేదాకా ఆర్విడ్ మోకాటిలోతు నీళ్లలో వెతికాడు. మర్నాడు పొద్దున బావమరిది రూడీ దాన్ని కనిపెట్టి కేకేశాడు. ఆర్విడ్ వంగి దాని మెడ మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఏడాదిగా అతడి అరచేతిని వదల్లేదు.

అందుచేత ఆ వీరుడు, కాఫీ పాత్రను నేలకు దించి, దక్షిణబాహువు నెత్తి, యిట్లు ప్రతిన పట్టెను:

“వినుడో దేవదారువులారా! వినుడో హిమవాయువులారా! ఏ తూటా మృగగాత్రమున వికసించి తత్‌క్షణమే దాని వ్యథకు ముగింపు పలుకదో, ఆ తూటాను నా తండ్రి తుపాకి ముట్టదు! కాఠిన్యమను రక్కసిని గెలువనేని, ఈ యేడు నా పాదము కాననసీమ తొక్కదు! తొక్కదు! తొక్కదు!”

ఇది నా అలంకారం. నిజంగా అతడు వంటింట్లో అన్నది ఇదీ:

“హెల్మీ, ఈసారి తూటా విచ్చుకోకపోతే నేను అడవికి పోను. అంతే.”

భార్య హెల్మి చర్చి సంతలో అమ్మకానికి క్రిస్మస్ కార్డుల మీద పిచ్చుకలు గీస్తోంది. తల ఎత్తలేదు.

“పోకుండా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్? నాతోపాటు పిచ్చుకలు గీస్తావా?”

“గీస్తా.”

అప్పుడు తల ఎత్తింది. పండుగనాడు ఇంట్లో కూర్చున్న ఆర్విడ్‌ను ఆమె పెళ్లయినప్పటి నుంచీ చూడలేదు. చూడాలనీ లేదు.

ఇక సేనానాయకుల సమావేశం. హెల్మి తమ్ముడు రూడీ, చక్రోద్ధరణ కోవిదుడు, అనగా ఊళ్లో టైర్ల కొట్టు యజమాని, ఒక బరువైన సంచీ భుజాన మోసుకుని కారుకొట్టంలోకి వేంచేశాడు. సంచీ నేలమీద పడేసరికి పలకల మీది సీసాలన్నీ గణగణలాడాయి.

“బావా, ఇవిగో. మూతబడ్డ పత్రికాఫీసులో అచ్చక్షరాలు. ఒక్కోటి రాయిలా ఉంటుంది. నీ సీసంలో నాలుగు పడేశావంటే చాలు.”

“పట్టుకుపో.”

“అదేంటి?”

“పోయినేడాది నీ అక్షరాలు కలిపితేనేగా ఆ తూటా రాయై కూర్చుంది!”

“ఎన్ని కలిపావేంటి? గుప్పెడు. గుప్పెడుకే అంత కోపమా? మెత్త సీసం అయితే ఏమవుద్దో తెల్సా? గొట్టం లోపలంతా పూసుకుపోద్ది. అప్పుడు నువ్వు దుప్పికి గురి పెడితే మన పాస్టరుగారి గంటకి తగులుద్ది.”

“గంటకి తగిలినా ఫర్లేదు. అది ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. రాత్రంతా పరిగెత్తదు.”

రూడీ బావ మొహం చూసి, సంచీ ఎత్తుకున్నాడు. వాడికి నోరు ఎక్కువే గానీ మనసు లేనివాడు కాదు.

“పోనీ, చక్రాలకి కొట్టే సీసం బిళ్లలు నా కొట్లో బోలెడున్నాయ్. అవి ఎంత గట్టో అంత మెత్త. తెచ్చివ్వనా?”

“అవి తే. సగం అవి, సగం ఉత్త సీసం. కాస్త తగరం.”

“తగరం ఎక్కణ్నుంచి తెస్తావ్?”

ఆర్విడ్ గోడవైపు చూశాడు. అక్కడ యౌవనంలో బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగు పోటీలో గెలిచిన తగరపు లోటా, అతడి జీవితంలోని ఏకైక బహుమానం, ధూళిధూసరితమై వెలుగుతోంది. ఆ చూపుకు అర్థం తెలిసి రూడీ టోపీ తీసేశాడు. లోటా మూసలోకి దిగింది, ముందు చెవి, తర్వాత కడుపు, చివరకు చెక్కిన పేరు.

సీసం కరిగింది. దాని మీద మైనం ముక్క వేసి, అది భగ్గున మండి ఆరిపోయాక మష్టంతా గరిటెతో తీసి, మహావీరుడు పోత మొదలుపెట్టాడు. అచ్చులో పోసి, గడ్డకట్టే దాకా ఆగి, నాలుగడుగులు నడిచి, గుమ్మం పక్కన పెట్టుకున్న నీళ్ల బకెట్టు పైన అచ్చు విప్పేవాడు. తూటా బుడుంగున మునిగి చుయ్యిమనేది. బకెట్టు అంత దూరంగా ఎందుకంటే, కరిగిన సీసంలో నీటిచుక్క పడితే పేలుతుంది. కారుకొట్టంలో నీళ్లు అనే మాటకే తండ్రి కసురుకునేవాడని ఆర్విడ్‌కు గుర్తు.

ఇప్పుడు ఆయుధపరీక్ష. లోహం ఎంత గట్టిదో తెలుసుకోవడానికి మావాళ్ల దగ్గర యంత్రాలు ఉండవు, బొమ్మలు గీసే పెన్సిళ్లు ఉంటాయి. మెత్తవాటి నుంచి గట్టివాటి దాకా వరసగా పెట్టుకుని, మొన చదును చేసి, ఒక్కొక్కదానితో తూటా మీద ఉలితో తోసినట్టు తోస్తారు. పెన్సిలుకన్నా సీసం మెత్తనిదైతే చర్మం లేస్తుంది. గట్టిదైతే పెన్సిలు జారిపోతుంది. దుప్పివేటకు ‘బి’ పెన్సిలుకు చర్మం లేవాలి, అంతకన్నా మెత్తదానికి లేవకూడదు. అదీ నిస్కాలా వంశ శాస్త్రం. ఆ పెన్సిళ్లు ఎవరివి అని అడక్కండి. వంటింట్లోంచి అప్పుడే కేక వినిపించింది.

“ఆర్విడ్! నా పిచ్చుకకి తోక సగమే అయింది! పెన్సిలేదీ?”

“ఒక్క నిమిషం!”

“పోయినేడాది కూడా ఒక్క నిమిషమే అన్నావ్! మొన చదును చేసి ఇచ్చావ్! చదును మొనతో తోకెలా గీస్తారు?”

తోకలేని పిచ్చుకల శాపం నెత్తిన పడుతున్నా లెక్కచేయక, ఆ ధీరుడు ‘బి’ పెన్సిలును తూటా నుదుట నానించి తోసెను. తోయగా, ఆహా, వెండితీగె చుట్ట చుట్టుకుని లేచినట్టు సీసపు పొర సుతారంగా లేచింది! ఆర్విడ్ కారుకొట్టంలో గుండ్రంగా రెండు చుట్లు తిరిగాడు. అతడి శరీరపరిమాణానికి అది నాట్యమే.

మర్నాటి మధ్యాహ్నం ఇంటి వెనక ఇసుకగోతిలో రణరంగం సిద్ధమైంది. నీళ్లు నింపిన ప్లాస్టిక్ పాలడబ్బాలు ఒకదాని వెనక ఒకటి నిలిచిన క్షీరఘటసేన, నీలి మూతలు శిరస్త్రాణాలుగా, కదలక మెదలక శత్రువు రాకకై ఎదురుచూసింది. రూడీ చెవులు మూసుకున్నాడు. తుపాకి గర్జించింది. దేవదారుల మీది మంచు జలజలా రాలింది. మొదటి డబ్బాకు బెజ్జం. రెండోదానికి బెజ్జం. చివరిదాకా అన్నింటికీ ముందొక బెజ్జం, వెనకొక బెజ్జం, నీళ్లు పిల్లకాలవల్లా కారుతున్నాయి. ఆర్విడ్ ఇసుకదిబ్బలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికి తూటాను బయటికి తీశాడు. అచ్చులోంచి ఇప్పుడే పడ్డట్టు నున్నగా ఉంది. దాని నుదుట పెన్సిలు ఆనించి తోశాడు. సర్రున జారిపోయింది.

“నిన్న గీరింది కదరా!”

“నిన్న గీరింది,” రూడీ ఒప్పుకున్నాడు. “ఇవాళ గీరట్లేదు. నీ సీసానికి పొగరెక్కింది బావా.”

ఇంకేముంది, త్యాగపరంపర ఆరంభమైంది. సీసాన్ని మెత్తపరచడానికి ఉత్త సీసం కావాలి. గాలాలకు కట్టే బరువులు మూసలో పడ్డాయి. రాబోయే వేసవిలో చేపలకు ఆర్విడ్ ముందుగానే అభయమిచ్చినట్టయింది. ఆవిరిస్నానం చేసే పాత సౌనా గది పొగగొట్టం చుట్టూ ఉన్న సీసపు రేకు పడింది. ప్రతి సాయంత్రం పోత, ప్రతి సాయంత్రం చర్మం సుతారంగా లేవడం, ప్రతి మర్నాడూ పెన్సిలు జారిపోవడం, పాలడబ్బాలకు బెజ్జాలు. పాలు తాగేవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరే. డబ్బాల కోసం హెల్మి పాయసం మీద పాయసం వండింది. నాలుగో పూట పాయసం ముందు ఆర్విడ్ తల వంచుకుని కూర్చుంటే, అతడి మనసులో ఒక భయంకర సందేహం పడగ విప్పింది.

సాయంత్రం మెత్తగా ఉన్న తూటా పొద్దుటికి గట్టిపడుతోందంటే, సాయంత్రపు తూటా, పొద్దుటి తూటా ఒకటి కావు. ఎవరో మారుస్తున్నారు. గట్టి తూటాలంటే ప్రాణం ఇచ్చేవాడు, కారుకొట్టం తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసినవాడు, ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడూ మరునాడు రాత్రి భోజనానికి వచ్చి, మాంసమూ బంగాళదుంపలూ కూరిన పాస్టీని కెచప్‌లో ముంచుతున్నాడు.

“ద్రోహీ!” అని గర్జించెను ఆర్విడ్, బల్లపై పిడికిలితో మోదగా ఉప్పుసీసా పడిపోయెను. “బంధురూపమున ఇంట జొచ్చి, ఆతిథ్యమున మెక్కి, చీకటి మాటున నా శస్త్రములను మార్చు నీచుడా!”

మళ్లీ నా అలంకారం. అతడన్నది: “రూడీ, తూటాలు మారుస్తున్నావా?”

రూడీ నోట్లో పాస్టీ ముక్క ఆగిపోయింది.

“ఏంటీ?”

“నా తూటాలు తీసేసి నీ అక్షరాల తూటాలు పెడుతున్నావా లేదా?”

“నీకు మతి పోయింది బావా. నేను పొద్దున్నే లేచి టైర్లు మార్చుకోవాలా, మీ ఇంటికొచ్చి నీ తూటాలు మార్చాలా?”

“అక్కా చూశావా ఇతగాణ్ని,” అని అదే ఊపులో రూడీ హెల్మివైపు తిరిగాడు. “చిన్నప్పుడు నీ బొమ్మ కాలు విరగ్గొట్టానని నువ్వు కూడా ఇలాగే అన్నావ్. ఆ రోజూ నేను కాదు.”

“నువ్వే విరగ్గొట్టావ్,” అంది హెల్మి. “కానీ తూటాలు నువ్వు కాదులే. ఆర్విడ్, ఈ సాయంత్రం పోసినవి ఇలా పట్రా.”

ఆమె ఆ తూటాలను కాఫీ డబ్బాలో వేయించి, డబ్బాను కుట్టుమిషను పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకుంది. పొద్దున్నే ముగ్గురి ఎదుటా పెట్టె తెరిచారు. పెన్సిలు తోశారు. జారిపోయింది.

రూడీ రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ని సాక్షిగా పిలిచాడు. అతడి మొహంలో ఆ క్షణాన ఉన్న తృప్తి వర్ణించడానికి నా దగ్గర సమాసాలు లేవు.

ఆర్విడ్ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. పండుగ ఇంక రెండు రోజులుంది. తండ్రి తుపాకిని నూనెగుడ్డతో తుడిచి, కారుకొట్టం గోడమీది కొయ్యలకు తగిలించాడు. నారింజరంగు కోటు దండెం మీంచి తీసి మడతపెట్టాడు. మడతపెట్టడం అతడికి రాదు, అయినా పెట్టాడు. హెల్మి గుమ్మంలో నిలబడి చూసింది, వెనక రూడీ రాత్రి మిగిలిన పాస్టీ నములుతున్నాడు.

“తుపాకి పైన పెట్టావేం?”

“చెప్పానుగా.”

“ఏదో మాటకి అన్నావనుకున్నా.”

“ఆ దుప్పి మర్నాడు పొద్దున్న కూడా వెచ్చగానే ఉంది హెల్మీ. అంటే రాత్రంతా అది…” ముక్కు చొక్కా చేతికి తుడుచుకున్నాడు.

ఏడుపు వచ్చినప్పుడు మా వాళ్లు కొట్లాటకు దిగుతారు, అది సులువు. హెల్మి కూడా అదే చేసింది.

“చొక్కాకి తుడుచుకోకు! అసహ్యంగా!”

“మరి దేనికి తుడుచుకోను? ఈ ఇంట్లో నాకొక తువ్వాలంటూ ఇచ్చి చస్తేగా!”

“ఎందుకివ్వాలి? మా అమ్మ నేసిన నారతువ్వాలు మీద నిప్పుకణికల్లాంటి తూటాలు పోసి చిల్లులు పొడిచిందెవరు?”

“చిల్లులు పడతాయ్! తువ్వాలు ఉండేదే అందుకు! మా నాన్న బతికినన్నాళ్లూ తువ్వాలు మడత మీదే పోశాడు, మా అమ్మ కిక్కురుమనలేదు! తువ్వాలు మీద పడితే తూటా నింపాదిగా, మెల్లిగా చల్లారేది. నువ్వు తెచ్చిపెట్టిన ఆ దిక్కుమాలిన బకెట్లో పడగానే చుయ్యిమని…”

ఆగిపోయాడు.

అప్పుడు వాయువు వీచుట మానెను. దేవదారువులు తలలూపుట మానెను. మహాసరోవర తరంగములు ఎత్తిన కాళ్లు ఎత్తినట్లే నిలిచెను. రూడీ సైతము నమలుట మానెను.

“ఏంటి బావా, ఆగిపోయావ్?”

“రూడీ, మీ తాత కత్తులు చేసేవాడు కదా. ఎర్రగా కాల్చి దేంట్లో ముంచేవాడు?”

“నీళ్లలో.”

“ఎందుకు?”

“గట్టిపడ్డానికి. పసిపిల్లాడికి కూడా తెల్సు. కానీ అది ఇనుము బావా. ఇది సీసం.”

“ఆ సంగతి సీసానికి ఎవరైనా చెప్పారా?”

ముగ్గురూ గుమ్మం పక్కనున్న బకెట్టు వైపు తిరిగారు. పోయినేడాది దాకా ఆ కారుకొట్టంలో బకెట్టు లేదు. తువ్వాలు కాలింది, హెల్మి తువ్వాళ్లు నిషేధించింది, బకెట్టు వచ్చింది, ఆ శరదృతువులోనే దుప్పి పరుగెత్తింది. మెత్తని సీసం ఎంత కలిపినా, ఆ చల్లనీళ్లలో పడ్డ ప్రతి తూటా సాయంత్రం వినయం నటించి, తెల్లారేలోగా ఎవరూ చూడకుండా గట్టిపడుతోంది. తండ్రి చెప్పలేదు; తండ్రికి బకెట్టుతో పని పడలేదు. పాపం రూడీ అచ్చక్షరాలు కొంతవరకే దోషులు.

“అయితే తప్పు నాదా?” అంది హెల్మి, గొంతు సన్నగా చేసుకుని.

“కాదు. కాల్చింది నేను.”

ఆర్విడ్ అది తేలికగా అనలేదు.

హెల్మి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో తెల్లని నారతువ్వాలు ఉంది, అంచున నీలిచార. పోయినేడాది కాలిన చిల్లులు ఎక్కడున్నాయని ఆర్విడ్ చూశాడు. చిల్లులు లేవు. ఒక్కో చిల్లు మీద ఒక్కో చిన్న నీలిపువ్వు కుట్టి ఉంది.

“ఎప్పుడు కుట్టావ్?”

“నువ్వు రోడ్ల మీద మంచు తోస్తున్నప్పుడు. నువ్వు చూస్తావని కుట్టలా. నా కోపం పోవడానికి కుట్టా.” తువ్వాలు అతడి చేతిలో పెట్టింది. “ఇంట్లో మిగిలినవన్నీ ప్లాస్టిక్ దారంవి. వేడికి కరిగి తూటాకి అంటుకుంటాయ్. నార ఇదొక్కటే.”

“ఇది వద్దు హెల్మీ.”

“తీసుకో అన్నాగా. ఆ దుప్పి నిన్నొక్కణ్నే పీక్కుతినలా. నువ్వు చిత్తడిలోంచి వచ్చిన రోజు నీ బట్టలు ఉతికింది నేను.”

రూడీ కిటికీలోంచి బయటికి చూస్తూ, మంచు బాగా పడుతోందన్నాడు. మంచు పడడం లేదు.

ఆ మధ్యాహ్నం మూస మళ్లీ పొయ్యి ఎక్కింది. సగం చక్రపు బిళ్లలు, సగం ఉత్త సీసం, మొదట అనుకున్న పాళ్లే. ఆ వీరుడి తొలి లెక్కలో లోపం లేదని చరిత్ర నమోదు చేసుకొనుగాక. బకెట్టును రూడీ స్వయంగా మోసుకెళ్లి, బందీగా పట్టిన శత్రురాజును దేశం దాటించినంత ఆర్భాటంతో మంచులో బోర్లించాడు. నారతువ్వాలు నాలుగు మడతలు వేసి బల్ల మీద పరిచారు. అచ్చు విప్పగానే మొదటి తూటా నీలిపువ్వుల నడుమ పడి, చప్పుడు చెయ్యకుండా, మెల్లగా ఎరుపు మరిచిపోయిన కుంపటిలా చల్లారింది. సన్నని పొగ లేచింది. హెల్మి కళ్లు మూసుకుంది గానీ అక్కణ్నుంచి కదల్లేదు.

మర్నాటి ఉదయం, పండుగకు ముందురోజు, ఆర్విడ్ ‘బి’ పెన్సిలు తీసుకుని తూటా ముందు కూర్చుని, చాలాసేపు తోయలేదు.

“తొయ్యవయ్యా!” అంది హెల్మి. “నాకు పిచ్చుకలున్నాయ్!”

తోశాడు. రాత్రి గడిచినా, చలి కరిచినా, సీసపు పొర నిన్నటంత సుతారంగా చుట్టచుట్టుకుని లేచింది. దానికన్నా మెత్త పెన్సిలు జారిపోయింది. పూతకూ కోతకూ మధ్యనున్న ఆ వెంట్రుకవాసి దారి మీద తూటా నిటారుగా నిలబడి ఉంది.

ఇక తుది సమరం. గోడమీది తుపాకి దిగింది. ఇసుకగోతిలో పాయసోద్భవ క్షీరఘటవాహిని మరల బారులు తీరెను. ఒకవైపు నారతువ్వాలు భుజాన వేసుకున్న హెల్మి, మరోవైపు అనవసరంగా దగ్గరగా నిలబడ్డ రూడీ. నడుమ శ్మశ్రుజాల విలగ్న హిమకణుడై, ఊపిరి బిగబట్టి, తండ్రి పేరు పెదవుల మీద నిలుపుకుని, ఆర్విడ్ నిస్కాలా మీట నొక్కెను. దిక్కులు దద్దరిల్లెను! ప్రథమఘటము శతధా భిన్నమై ఆకసమున కెగసెను! ద్వితీయము నిలువునా చీలి, గర్భస్థ సమస్తజలమును రూడీ మీద కుమ్మరించెను! తృతీయము కడుపు పగిలి పక్కకు ఒరిగెను! చతుర్థము ఒక్కసారి వణికి, నిలబడెను. దాని వెనకున్నవాటికి గాయం లేదు, మూత కూడా కదల్లేదు.

“తడిసిపోయా!” అని రూడీ గంతులేస్తున్నాడు. “గడ్డకడుతోంది! అక్కా, ఆ తువ్వాలివ్వు!”

“ముట్టుకోకు!” అన్నారు ఆలుమగలు ఒక్కసారే.

ఆర్విడ్ నాలుగో డబ్బాను కత్తితో కోసి, చేతి తొడుగు తీసి, చెయ్యి లోపల పెట్టాడు. అడుగున తగిలింది. పైకి తీశాడు. తొడిమ అలాగే ఉంది, తల మాత్రం చుట్టూ విచ్చుకుని, వానకు లేచిన పుట్టగొడుగులా గొడుగు పట్టింది. తుపాకి గొట్టంలోంచి వెలుతురుకు చూస్తే సీసపు పూత లేదు, అద్దంలా మెరుస్తోంది. ఆ తూటాను ఆర్విడ్ అరచేతిలో పెట్టుకుని వేళ్లు మూశాడు. అది చల్లగా ఉంది. అతడు సంతోషం పట్టలేకపోయాడు. హెల్మిని ఎత్తబోయి, నడుము పట్టేసి, సగంలో దించేశాడు.

పండుగనాడు అతడు తెల్లవారకముందే వెళ్లి, అడవిలో మాటు వేసే తన చెక్కగూటిలో సాయంత్రం దాకా కూర్చున్నాడు. దుప్పి రాలేదు. ఒక ఉడుత వచ్చింది, తర్వాత తుమ్ముతూ రూడీ వచ్చాడు. ఇంటికి వచ్చిన మహావీరుడి మొహం, రాజ్యాలు గెలిచి వచ్చినవాళ్లకు ఉండాల్సినట్టు వెలిగిపోతోంది.

“ఏమైనా కనబడ్డాయా?” అంది హెల్మి.

“ఒక్కటీ లేదు.” బూట్లు విప్పుకుంటూ నవ్వాడు. “కనబడుంటే దానికి తెలిసేది కూడా కాదు.”

హెల్మి నారతువ్వాలును దీపానికి ఎత్తి పట్టుకుంది. పాత నీలిపువ్వుల పక్కన కొత్త చిల్లులు, అంచులు గోధుమరంగు. సూదిలో నీలిదారం ఎక్కించింది.

“వచ్చే ఏడు కూడా తూటాలు దీని మీదే పొయ్యి. పువ్వులకింకా చోటుంది.”

ఇది ఎగువ ద్వీపకల్ప నిస్కాలా వంశ ప్రదీపకుడైన ఆర్విడ్ సీసకాఠిన్యమును జయించిన వృత్తాంతము. దీనిని శ్రద్ధగా విన్నవారి తూటాలు తగిన చోట విచ్చుకొనుగాక, గొట్టములు పూత పట్టకుండుగాక, ఆలోచన లేక తెచ్చిన బకెట్లు వారి గుమ్మములు తొక్కకుండుగాక, తోకలేని పిచ్చుకలకు తోకలు మొలుచుగాక. నమ్మనివారు మా ఊరు రండి. ఆ విజయచిహ్నం, చొక్కా బొత్తామంత సీసం, వాళ్ల వంటింటి కిటికీలో పెన్సిళ్ల పక్కన పెట్టి ఉంది.